ఇంగ్లండ్ పొలాల కింద పాత ఊళ్ళు, రైతుకిచ్చే డబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో ఒక కౌంటీ కౌన్సిల్‌లో (మన జిల్లా పరిషత్ లాంటిదనుకోండి) పురావస్తు రికార్డుల మ్యాపులు చూసుకునే పని నాది. ఊరెళ్ళిన ప్రతిసారీ ఇవే ప్రశ్నలు. మా బాబాయి అయితే నాది లంకెబిందెలు వెతికే ఉద్యోగమని ఇప్పటికీ నలుగురికీ చెబుతుంటాడు. ఈమధ్య ఇక్కడికొచ్చి పురావస్తు శాస్త్రం చదవాలనుకునే పిల్లలు, పొలాలున్న పాత స్నేహితులు కూడా అడగడం మొదలుపెట్టారు. ఒకసారి రాసి పెట్టుకుంటే అడిగినవాళ్ళకి లింకు పంపించెయ్యొచ్చు కదా అని ఇది.

ఇంతకీ నువ్వు తవ్వుతావా?

లేదు. చేతికి మట్టి అంటుకునే పనే కాదు నాది. నిజం చెప్పాలంటే ఎవరూ తవ్వకుండా చూడటమే మా పనిలో సగం. ఎక్కడ ఏముందో, ఎంత మేరకు ఉందో, ఎలా తెలిసిందో రాసి పెట్టుకుని, ఆ భూమి మీద ఇల్లు కట్టబోయేవాడికీ, పైపులైను వేయబోయేవాడికీ, దున్నబోయేవాడికీ ముందే చెప్పడం.

ఆ రాసి పెట్టుకునేదాన్ని ఏమంటారు?

హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డు. పొడి అక్షరాల్లో హెచ్ఈఆర్. ఇంగ్లండ్ మొత్తంలో ఇలాంటివి 80 పైచిలుకు ఉన్నాయి, కౌంటీకి ఒకటి, కొన్ని నగరాలకీ నేషనల్ పార్కులకీ విడిగా ఒక్కోటి. మన అడంగల్‌లో సర్వే నంబరు వారీగా ఎవరి భూమి, ఏ పంట అని ఉంటుంది చూడండి, ఇందులో ఆ భూమిలో ఇంతకుముందు ఎవరు బతికారు, ఏం వదిలి వెళ్ళారు అని ఉంటుంది. కంచు యుగం నాటి సమాధి దిబ్బ, రోమన్ల ఇల్లు, మధ్యయుగంలో పాడుబడ్డ ఊరు, రెండో ప్రపంచ యుద్ధంలో కట్టిన కాంక్రీటు బంకరు, అన్నీ ఒకే పుస్తకంలో. ఇప్పుడు పుస్తకం కాదులెండి, డేటాబేసు, దానికి మ్యాపు. చాలా కౌంటీల రికార్డులు హెరిటేజ్ గేట్‌వే అనే సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇదంతా ఎవరు మొదలుపెట్టారు?

1920లో ఇక్కడి మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే, ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ అనే ఆయన్ని తన మొదటి పురావస్తు అధికారిగా పెట్టుకుంది. మ్యాపు మీద పాత దిబ్బలూ కోటలూ సరైన చోట పడాలంటే ఎవరో ఒకరు వెళ్ళి చూసి రావాలి కదా. అలా పుట్టిన కార్డులే చాలా కౌంటీల రికార్డులకు విత్తనం. కౌంటీ స్థాయిలో మొదటి రికార్డు 1960ల మధ్యలో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో మొదలైంది, తర్వాత పక్కవాళ్ళు అందుకున్నారు. విచిత్రమేంటంటే, ఇన్నేళ్ళూ ఇది నడపాలని ఇంగ్లండ్‌లో చట్టం ఏదీ లేదు, కౌన్సిళ్ళు వాటంతటవే నడిపాయి. వేల్స్ 2016లో చట్టంలో పెట్టింది. ఇంగ్లండ్ 2023 చట్టంలో చేర్చింది.

రక్షిత కట్టడాల జాబితా ఎలాగూ ఉంటుందిగా, మళ్ళీ ఈ రికార్డెందుకు?

అసలు కిటుకు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

ఆ జాబితా ఉంది. 1882 నాటి మొదటి చట్టం నుంచి పెరుగుతూ వచ్చింది, ఇప్పుడు 1979 చట్టం కింద ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 చోట్లకు రక్షణ ఉంది. వాటి జోలికెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, లేకపోతే కేసు. కానీ మా రికార్డుల్లో ఉన్నవి అంతకు ఎన్నో రెట్లు. ఆ మిగతావాటికి చట్టం అండ లేదు. వాటిలో చాలా భాగం ఎవరో ఒకరి పొలంలో ఉన్నాయి, ఆ రైతు రేపు పొద్దున్నే ట్రాక్టరు కట్టి లోతు దుక్కి దున్నినా అడిగేవాడు లేడు.

మరి వాటినేం చేయాలి? అన్నిటికీ కంచె వేసి బోర్డు పెడితే సేద్యం చేయడానికి పొలమే మిగలదు. వదిలేస్తే పోతాయి. ఈ రెండిటికీ మధ్య ఇంకో దారి వెతికారు: దున్నకుండా ఉంచినందుకు రైతుకు డబ్బివ్వడం. డబ్బు ఏ మడికి ఇవ్వాలో తెలియాలంటే ఆ మడి కింద ఏముందో ఎక్కడో రాసి ఉండాలి. ఇప్పుడర్థమైందా, మ్యాపు మీద గీత గీసే నాలాంటివాడికి జీతమెందుకిస్తున్నారో.

వందల ఏళ్ళుగా దున్నుతున్న నేలే కదా, కొత్తగా ఏం పాడవుతుంది?

ఇక్కడి రైతులు కూడా మొదట అడిగేది ఇదే. న్యాయమైన ప్రశ్న.

దుక్కి లోతు మారకపోతే నిజంగానే పెద్ద నష్టం ఉండకపోవచ్చు. నాగలి ఎంతవరకు వెళ్ళిందో అంతవరకు అప్పటికే కలిసిపోయి ఉంటుంది, దాని కింద గోతులు, పునాదులు, పొయ్యిలు, శవాలు ఎక్కడివక్కడే ఉంటాయి. కానీ లోతు మారకుండా ఉండదు. వాలు మీద ఏటా కొంత మట్టి కిందికి కొట్టుకుపోతుంది, నాగలి మాత్రం అదే లోతుకు దిగుతుంది, అంటే పై వాలులో ప్రతి ఏడూ కొంచెం కొత్త నేల తెగుతున్నట్టే. బంగాళాదుంప, షుగర్ బీట్ లాంటివి వేస్తే ఇంకా లోతు కావాలి. అడుగున గట్టిపడ్డ పొరను పగలగొట్టడానికి సబ్‌సాయిలర్ దించితే ఆ ఒక్క రోజుతో అయిపోతుంది, రెండు వేల ఏళ్ళు ఉన్న గచ్చు నేల ముక్కలై పైకి వస్తుంది. రైతుకు కనిపించేది నాలుగు ఎర్ర పెంకులే. చాలామంది అవి ఇటుక ముక్కలనుకుంటారు.

1942 జనవరిలో సఫోక్‌లోని మిల్డెన్‌హాల్ దగ్గర గార్డన్ బుచర్ అనే ఆయన దున్నుతుంటే నాగలికి ఏదో తగిలింది. షుగర్ బీట్ కోసమని మామూలుకంటే లోతుగా దున్నుతున్నాడు. తీసి చూస్తే రోమన్ల కాలం నాటి వెండి పళ్ళాలు, గిన్నెలు, చెంచాలు. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అందరూ దీన్ని అదృష్టం కథలా చెప్పుకుంటారు, నాకు మాత్రం ఆ నాలుగంగుళాల అదనపు లోతే గుర్తుంటుంది. వెండి పళ్ళెం కాబట్టి నాగలికి తగిలినా మిగిలింది, అదే మట్టి గోడైతే తగిలిందని కూడా తెలిసేది కాదు.

ఇంకో తమాషా. చట్టం కింద రక్షణ ఉన్న చోట్ల కూడా గత ఆరేళ్ళలో అదే రకం సేద్యం అదే చోట చేస్తూ ఉంటే విడిగా అనుమతి లేకుండా కొనసాగించవచ్చని 1994 ఉత్తర్వులో వెసులుబాటు ఉంది. జాబితాలో పేరుంటుంది, పైన గోధుమ చేను ఉంటుంది. 2003లో ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ దుక్కి వల్ల జరిగే నష్టం మీద పెద్ద ప్రచారమే చేసింది, ఆ తర్వాతే రైతుల పథకాల్లో ఈ విషయానికి గట్టి చోటు దొరికింది.

రైతుకు ఎంతిస్తారు? ఎలా లెక్కేస్తారు?

పథకాల పేర్లు మారుతూనే ఉంటాయి, మన దగ్గర మారినట్టే. 1987లో కొన్ని ప్రాంతాలకే మొదలైంది, 1991లో కంట్రీసైడ్ స్టూవర్డ్‌షిప్, 2005లో ఎన్విరాన్‌మెంటల్ స్టూవర్డ్‌షిప్, 2015 నుంచి పాత పేరుతోనే కొత్త కంట్రీసైడ్ స్టూవర్డ్‌షిప్. పేరును బట్టి అర్థమయ్యే ఉంటుంది, ఇవి ముఖ్యంగా పిట్టలు, తేనెటీగలు, కంచె పొదలు, వాగు నీళ్ళ కోసం పెట్టినవి. చరిత్ర వాటి వెనకాల కూర్చుని ప్రయాణం చేస్తోంది.

లెక్క ఎలా ఉండేదో తెలియాలంటే 2005 పథకంలోని కింది మెట్టు చూడండి, అందరికీ సులువుగా అర్థమయ్యేది అదే. రైతు ఎంచుకున్న పనుల పాయింట్లు మొత్తం పొలం మీద హెక్టారుకు 30 చొప్పున చేరుకుంటే హెక్టారుకు ఏటా 30 పౌండ్లు, ఐదేళ్ళ ఒప్పందం. 100 హెక్టార్ల రైతు 3,000 పాయింట్లు చూపించాలి. పాత అవశేషాలున్న మడిని పూర్తిగా సేద్యం నుంచి తీసేసి గడ్డి వేస్తే హెక్టారుకు 460 పాయింట్లు. దున్నడం మానకుండా లోతు తగ్గిస్తే 60. అప్పటికే గడ్డి ఉండి, దాన్ని జాగ్రత్తగా చూసుకుంటే 16. అంటే రోమన్ విల్లా ఉన్న రెండు హెక్టార్ల మడిని వదులుకుంటే ఒక్క దెబ్బకు 920 పాయింట్లు, లక్ష్యంలో దాదాపు మూడో వంతు. మూలన రాళ్ళు తగిలే, ఎలాగూ దిగుబడి రాని మడి అయితే రైతు ఆనందంగా ఇచ్చేస్తాడు. మంచి నల్లరేగడి లాంటి నేల అయితే, గోధుమ ధర బాగున్న ఏడాది అయితే, ఇవ్వడు. ఇందులో దేశభక్తీ లేదు, ద్రోహమూ లేదు, లెక్కే.

ఆ 16 పాయింట్ల మీద నాకెప్పుడూ మంట. తాత ముత్తాతల నుంచి దున్నకుండా కాపాడుకొచ్చినవాడికి 16, ఇన్నాళ్ళూ దున్ని పాడుచేసి ఇప్పుడు ఆపినవాడికి 460! పథకం రాసినవాళ్ళ వాదన వాళ్ళకుంది, వదులుకున్న ఆదాయాన్ని బట్టే డబ్బివ్వాలనేది నియమం. కానీ గొర్రెలు మేపుకునే ముసలాయనకి ఆ మాట చెప్పి చూడండి.

షైన్, హెఫర్ అని అంటుంటావు, అవేంటి?

షైన్ అంటే చట్టం కింద రక్షణ లేని, కానీ రైతు జాగ్రత్తపడితే బాగుపడే అవశేషాల జాబితా. హెచ్ఈఆర్‌లో ఉన్నవన్నీ ఇందులోకి రావు. ఎవరికో ఒక నాణెం దొరికిందంటే రికార్డులో ఉంటుంది, కానీ దాని కోసం రైతు చేయగలిగేదేముంది? కచ్చితంగా ఎక్కడుందో, ఎంత మేర ఉందో చెప్పగలిగితే, నేల కింద ఇంకా ఏదైనా మిగిలి ఉంటే, అప్పుడే షైన్‌లో గీత గీస్తాం, ప్రాముఖ్యం ఎక్కువా మధ్యస్థమా తక్కువా అని రాస్తాం, రైతుకు అర్థమయ్యే రెండు మూడు వాక్యాలు పెడతాం. ఆ రెండు వాక్యాలు రాయడమే కష్టం. పండితులు రాసిన రికార్డు చదివితే నాకే తల తిరుగుతుంది, ఇక ట్రాక్టరు మీద కూర్చున్నవాడి సంగతి చెప్పేదేముంది.

హెఫర్ అనేది ఒక్క రైతు పొలానికి సంబంధించిన నివేదిక. పథకానికి దరఖాస్తు పెట్టేటప్పుడు పొలం మ్యాపు జత చేసి అడిగితే, మీ భూమిలో ఇవిగో ఇవి ఉన్నాయి, వీటికి ఇలా చేస్తే మంచిది అని హెచ్ఈఆర్ వాళ్ళం రాసిస్తాం. దరఖాస్తుల గడువు దగ్గరపడే నెలల్లో మా ఆఫీసులో టీ తాగడానికి కూడా టైం ఉండదు.

ఒప్పుకున్నాక రైతు చేయాల్సిందేంటి?

ఎక్కువగా చేయకుండా ఉండాల్సినవే. లోతుగా దున్నకూడదు, రాళ్ళు ఏరి పారెయ్యకూడదు, గోతులు పూడ్చకూడదు, దిబ్బ మీద చెత్త పోయకూడదు. పశువులకు దాణా తొట్టి దిబ్బ మీద పెట్టకూడదు, ఇది విన్నప్పుడు కొత్తవాళ్ళు నవ్వుతారు కానీ వానాకాలంలో ముప్పై ఆవులు ఒకేచోట తొక్కితే నేల ఏమవుతుందో మనకు చెప్పాలా. పొదలు, తుప్పలు పెరిగితే నరకాలి గానీ వేళ్ళతో పీకకూడదు, వేరుతోపాటు లోపలున్నది కూడా వస్తుంది. కుందేళ్ళు బొరియలు చేస్తే పట్టించుకోవాలి. బ్యాడ్జర్ అని ఒక జంతువు ఉంది, అది దిబ్బలో ఇల్లు కట్టిందంటే మాత్రం రైతుకీ మాకూ ఇద్దరికీ తలనొప్పే, ఎందుకంటే దానికి దాని సొంత రక్షణ చట్టం ఉంది. నాలుగు వేల ఏళ్ళ సమాధినీ తవ్వకూడదు, దాన్ని తవ్వుతున్న జంతువునీ కదిలించకూడదు!

నేల కింద ఉన్నది పైకి కనబడదు కదా, మీకెలా తెలుస్తుంది?

పైరే చెబుతుంది. ఒకప్పుడు కందకం ఉన్నచోట మట్టి లోతుగా, తేమగా ఉంటుంది, దాని మీద పైరు ఏపుగా, పచ్చగా ఉంటుంది. గోడ ఉన్నచోట పైరు గిడసబారి ముందే పండిపోతుంది. కింద నిలబడి చూస్తే తెలియదు, విమానం నుంచి చూస్తే మొత్తం ఇంటి ప్లాను కనిపిస్తుంది. ఎండలు ముదిరితే ఇంకా స్పష్టంగా. 2018 వేసవిలో బ్రిటన్‌లో వానల్లేక పొలాలు మాడిపోతుంటే రైతులు తల పట్టుకున్నారు, మావాళ్ళు విమానాలెక్కి ఫోటోలు తీశారు. ఆ ఏడాది బయటపడ్డ కొత్త చోట్లు ఎన్నో. దీనికి తోడు లేజరుతో నేల ఎత్తుపల్లాలు కొలిచే లైడార్ ఉంది, ఇక్కడి పర్యావరణ సంస్థ ఆ డేటాను 2015 నుంచి ఉచితంగా ఇస్తోంది. కంటికి ఆనని చిన్న ఎత్తు కూడా తెరమీద గట్టులా కనిపిస్తుంది.

వీటికంటే చవకది ఒకటుంది, రైతుని అడగడం. ఈ మడిలో దుక్కి ఎక్కడ బిగుస్తుంది, పెంకులు ఎక్కడ తేలతాయి, ఈ పొలాన్ని మీ తాత ఏమని పిలిచేవాడు అని. చర్చి పొలం అంటాడు, అక్కడ చర్చి ఉండదు. వెళ్ళి చూస్తే ఉండేదని తేలుతుంది.

రికార్డులో తప్పులుండవా?

బోలెడు. పాతకాలపు రికార్డుల్లో చాలావాటికి ఆరంకెల గ్రిడ్ సంఖ్య మాత్రమే ఉంటుంది, అది చెప్పేది వంద మీటర్ల చదరం వరకే. ఆ చదరంలో దిబ్బ ఎక్కడైనా ఉండొచ్చు. ఒకసారి నేనే ఒక దిబ్బ హద్దు కంచెకు ఇవతల గీశాను, అది అవతల పక్క ఆయన పొలంలో ఉంది. రైతు ఫోన్ చేసి, ఐదేళ్ళుగా నేను దున్నకుండా వదిలేసింది ఉత్త మట్టినా అన్నాడు. క్షమించండి అన్నాను. కోప్పడలేదు, పాత మ్యాపు ఫోటో తీసి పంపాడు. ఆ సాయంత్రం మా మేనేజరుకు చెప్పేదాకా నాకు ఒకటే టెన్షన్.

కాబట్టి రైతులెవరైనా ఇది చదువుతుంటే, నివేదికలో తప్పుంటే చెప్పండి. సరిచేస్తాం.

రికార్డులో ఎక్కితే భూమి గుంజుకుంటారా?

లేదు. హెచ్ఈఆర్‌లో ఉన్నంత మాత్రాన యాజమాన్యం మారదు, అమ్ముకోవచ్చు, కౌలుకివ్వచ్చు, పంట వేసుకోవచ్చు. ఇల్లు కట్టడానికి అనుమతి అడిగినప్పుడు మాత్రం ముందు పరీక్ష చేయించమని అడిగే అవకాశం ఉంది, ఆ ఖర్చు ఇల్లు కట్టుకునేవాడిదే, అక్కడ గొణుగుడు సహజం.

డబ్బులు సరిగ్గా వస్తాయా? పథకం మధ్యలో ఆపేస్తే?

ఒప్పందం కుదిరిన మేరకు ఇస్తారు. కొత్త దరఖాస్తుల సంగతి వేరు. 2022లో మొదలైన ఎస్ఎఫ్ఐ (సస్టైనబుల్ ఫార్మింగ్ ఇన్సెంటివ్) అనే పథకానికి 2025 మార్చి 11 సాయంత్రం ఉన్నట్టుండి దరఖాస్తులు మూసేశారు, ఫారం సగం నింపినవాళ్ళు అప్పటికి అలాగే ఉండిపోయారు. ఒకసారి అలా జరిగాక రైతు మన మాట నమ్మడు. ఐదేళ్ళు గడ్డి ఉంచి, డబ్బు ఆగగానే మళ్ళీ నాగలి కడితే ముందు ఐదేళ్ళకు అర్థమేముంది? పథకంలో నాకు కనిపించే అతిపెద్ద లోపం ఇదే.

లంకెబిందె దొరికితే ఎవరిది?

ఇక్కడ 1996 చట్టం ప్రకారం 300 ఏళ్ళు దాటిన బంగారు, వెండి వస్తువుల్లాంటివి దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే అధికారికి చెప్పాలి. మ్యూజియం తీసుకుంటే ఆ విలువను మామూలుగా దొరికినవాడికీ భూమి యజమానికీ పంచుతారు. అందుకే దాచుకోవాలన్న ఆశ తక్కువ. 1992లో హాక్స్‌న్ అనే ఊళ్ళో ఒక రైతు సుత్తి పోగొట్టుకున్నాడు. స్నేహితుడు మెటల్ డిటెక్టరుతో వెతికితే సుత్తికి ముందు రోమన్ బంగారం దొరికింది. మొత్తం తవ్వేయకుండా వెంటనే కబురు చేశాడు కాబట్టి మిగతాది పెట్టెలో పేర్చినట్టే బయటపడింది. సుత్తి కూడా తర్వాత దొరికింది, అదీ మ్యూజియంలోనే ఉంది.

మన దగ్గర 1878 నాటి చట్టమే ఇంకా నడుస్తోంది. పది రూపాయల విలువ దాటిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు చెప్పాలి. ఆ పది రూపాయలు మారలేదు.

మన తెలుగు నేల మీద ఇలాంటి పథకం ఉందా?

రక్షిత కట్టడాల జాబితా ఉంది, 1958 చట్టం ఉంది, 2010 సవరణ తర్వాత కేంద్ర రక్షణ ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణ. అంటే పై మెట్టు గట్టిగానే ఉంది. మధ్య మెట్టు లేదు. దున్నకుండా వదిలేసినందుకు రైతుకు రూపాయి ఇచ్చే ఏర్పాటు లేదు. 2018లో తెలంగాణ రైతుబంధు ఎకరానికి పంటకు 4,000 రూపాయలతో మొదలైనప్పుడు నాకు మొదట తట్టింది ఇదే, డబ్బు పంపే దారి ఏర్పడింది, దానికి పాత దిబ్బల జాబితా ఒకటి తగిలిస్తే ఎంత బాగుండు అని.

మా పల్నాడు వైపు పాటిమన్ను తోలడం తెలియనివాళ్ళుండరు. ఊరి పక్కన పాటిదిబ్బ అంటే ఒకప్పటి ఊరే. వందల ఏళ్ళు మనుషులు, పశువులు బతికిన మట్టి కాబట్టి సారం ఎక్కువ, బండ్లకెత్తి పొలాలకు తోలేవారు. నేనూ చిన్నప్పుడు ఆ బండి మీద కూర్చుని వచ్చినవాడినే, పెంకులు ఏరి బిళ్ళలాట ఆడినవాడినే. ఉట్నూరు బూదిదిబ్బ (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాత మహబూబ్‌నగర్‌ది) 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వితే అది కొత్తరాతియుగం నాటి పశువుల దొడ్డి అని, పేడ కాలి కాలి పేరుకుపోయిన బూడిద అని తేలింది. నారాయణపేట జిల్లా ముడుమాల నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి, అవి ఉన్నది పొలాల మధ్యే. అమరావతి సంగతి తెలిసిందే, 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ వచ్చేసరికే స్తూపం రాళ్ళు ఊరి కట్టుబడికి పోతున్నాయి. ఎవరినీ తప్పుపట్టలేం. మట్టి అవసరం, రాయి అవసరం, అది ఏమిటో చెప్పినవాడు లేడు, వదిలేస్తే ఇంత ఇస్తామన్నవాడు అసలే లేడు.

మా ఊళ్ళో దిబ్బ ఉంది, నేనేం చేయగలను?

తవ్వకండి. పెంకులు ఇంటికి తెచ్చుకోకండి, ఎక్కడ దొరికిందో తెలియని పెంకుకు విలువ లేదు. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. సర్వే నంబరు రాసుకోండి. వేసవిలో ఒకసారి, పైరు మోకాలెత్తు ఉన్నప్పుడు ఒకసారి తీస్తే ఇంకా మంచిది. రాష్ట్ర పురావస్తు శాఖకు ఉత్తరం పెట్టి ఒక కాపీ దగ్గర ఉంచుకోండి.

అన్నిటికంటే ముందు ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని పొలాల పేర్లు రాసుకోండి. కోటచేను, పాటిమీద, గుళ్ళచెల్క, బూదిదిబ్బ, ఇలా. పాసు పుస్తకాల్లో ఉండేది నంబరే. మా ఊళ్ళో నేను పోయిన సంక్రాంతికి రాసుకున్నవి ముప్పై ఏడు, అందులో పదకొండు పేర్లు ఒక్క మా నాయనమ్మకే తెలుసు.